ఎంబీబీఎస్ వెబ్ ఆప్షన్లు: ఎయిమ్స్, పాత ప్రభుత్వ కాలేజీ, జిల్లా కాలేజీ, ప్రైవేటు సీటు – దేన్ని ముందు పెట్టాలి?

మన దేశంలో ఎంబీబీఎస్ సీటు కోసం ఎవరూ వ్యాసం రాయనక్కరలేదు, సిఫారసు లేఖ తేనక్కరలేదు. మూడు గంటల్లో 180 ప్రశ్నలతో 720 మార్కుల నీట్ రాస్తారు, అఖిల భారత ర్యాంకు వస్తుంది, ధ్రువపత్రాలు జతచేసి కౌన్సెలింగ్‌లో కాలేజీల పేర్లను ఒక వరుసలో పెడతారు. పరీక్ష అయ్యాక ర్యాంకును ఎవరూ మార్చలేరు కాబట్టి, అక్కడి నుంచి విద్యార్థి చేతిలో మిగిలేది ఆ వరుస ఒక్కటే. రెండు మూడేళ్లు రాత్రింబవళ్లు చదివిన పిల్లలు ఆ వరుసను మాత్రం ఎవరో పంపిన పాత కటాఫ్ జాబితా ముందు పెట్టుకుని ఒక్క సాయంత్రంలో నింపేస్తుంటారు. ఐదున్నరేళ్ల చదువు ఎక్కడ సాగాలో తేల్చే పనికి ఒక్క సాయంత్రం చాలదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే వైద్యుణ్ణి. ఏటా ఫలితాలు రాగానే బంధువుల పిల్లలు, వారి స్నేహితులు సలహా కోసం వస్తుంటారు. కొన్నేళ్ల కిందట మా అక్క కూతురు రూళ్ల నోటుపుస్తకంలో రెండు పేజీల నిండా కాలేజీల పేర్లు రాసుకుని వచ్చింది. ప్రతి పేరు పక్కన ఎర్ర సిరాతో అంతకుముందు ఏడాది చివరి ర్యాంకు వేసి ఉంది. తనకు అన్నిటికంటే ఇష్టమైన కాలేజీ పదకొండో వరుసలో కనిపించింది. ఎందుకమ్మా అని అడిగితే, "అది నాకు రాదు కదా మామయ్యా, పైన పెడితే ఒక ఆప్షన్ వృథా అవుతుంది" అంది.

చాలామంది చేసే పొరపాటు ఇదే. సీట్ల కేటాయింపులో కంప్యూటర్ ర్యాంకుల క్రమంలో ఒక్కొక్కరిని తీసుకుని, వారి జాబితాను పైనుంచి చదువుతూ, వారి కోటాలో ఖాళీ ఉన్న మొదటి కాలేజీని ఇస్తుంది. పైన రాని పేర్లు పది ఉన్నా కింది పేరుకు ఏ నష్టమూ లేదు. ఇష్టమైన పేరు కింద ఉంటేనే నష్టం, ఎందుకంటే దానికంటే పైన ఉన్న, అంతగా ఇష్టం లేని కాలేజీ ముందుగా తగులుతుంది, ఇక జాబితాలో కిందికి చూడటం ఉండదు. కాబట్టి పాత కటాఫ్‌లు జాబితా ఎంత పొడవు ఉండాలో చెప్పడానికి పనికొస్తాయి గానీ, ఏది ముందు ఏది వెనక అనేది చెప్పవు. ఆ క్రమం మీ ఇష్టాన్ని బట్టే ఉండాలి, ఆ ఇష్టానికి కొన్ని గట్టి కొలతలు ఉండాలి.

దేన్ని చూసి కొలవాలి

అన్నిటికంటే ముందు నేను చూసేది కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిని. వైద్య విద్యలో మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా చదవవచ్చు, మంచి పుస్తకాలున్నాయి, వీడియో పాఠాలున్నాయి. రెండో ఏడాది వార్డు పోస్టింగులు మొదలయ్యాకే తేడా బయటపడుతుంది. పడక మీద ఉన్న పెద్దాయన పొట్ట మీద చేయి ఉంచి, కుడివైపు కింది నుంచి ఎడమ పక్కటెముకల వైపు మెల్లగా జరుపుతూ, "గట్టిగా ఊపిరి పీల్చండి తాతా" అంటే, వాచిన ప్లీహం ఊపిరితో పాటు కిందికి దిగి వేలి కొసలను తాకుతుంది. ఆ స్పర్శ ఏ పుస్తకంలోనూ లేదు. ఒకసారి వేళ్లకు తెలిసిన విద్యార్థి దాన్ని మరచిపోడు. వార్డులో అలాంటి రోగులు నలుగురు ఉంటే బ్యాచ్‌లో అందరి వేళ్లకూ తెలుస్తుంది, ఒక్కరే ఉంటే ముందు నిలబడ్డవారికి మాత్రమే తెలుస్తుంది, ఎవరూ లేకపోతే బొమ్మ చూసి పరీక్ష పాసవుతారు.

జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 100 సీట్ల కాలేజీకి 420 పడకలు, 250 సీట్ల కాలేజీకి 900 పడకలు ఉండాలి. కాగితం మీద ఉన్న పడకలకూ, మనుషులు పడుకుని ఉన్న పడకలకూ మధ్య దూరం కొన్నిచోట్ల చాలా ఎక్కువ. దాన్ని తెలుసుకోవడానికి ఉత్తమమైన మార్గం, ఒక సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఆ ఆసుపత్రి ఓపీ చీటీల కౌంటరు దగ్గరికి వెళ్లి నిలబడటం. తర్వాత మెడిసిన్ వార్డు, పిల్లల వార్డు మీదుగా ఒకసారి నడిచి రండి. కనిపించిన హౌస్‌సర్జన్‌ను, అంటే అక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారిని, మూడు విషయాలు అడగండి: మీ చేతుల మీదుగా ఎన్ని కాన్పులు చేశారు, రాత్రి క్యాజువాలిటీకి (అత్యవసర విభాగానికి) ఎలాంటి కేసులు వస్తాయి, స్టైపెండ్ నెలనెలా అందుతోందా. ఈ మూడు జవాబులు ఏ బ్రోచర్ కంటే విలువైనవి.

రెండో కొలత గురువులు. ఆ కాలేజీలో పీజీ కోర్సులు నడుస్తున్న విభాగాలు ఎన్ని ఉన్నాయో చూడండి. పీజీ విద్యార్థులున్న చోట రాత్రి వేళ కూడా ప్రశ్న అడగడానికి ఒక సీనియర్ ఉంటారు, ఉదయం కేసు ప్రెజెంటేషన్లు ఆగకుండా నడుస్తాయి. ఎంబీబీఎస్ విద్యార్థి నేర్చుకునేదానిలో సగం ప్రొఫెసర్ల దగ్గర, మిగతా సగం పీజీల దగ్గర నేర్చుకుంటాడని నా అనుభవం.

మూడోది మొత్తం ఖర్చు. ఒక్క ఏడాది ఫీజు చూసి లెక్క వేయకూడదు, ట్యూషన్, హాస్టల్, మెస్, అప్పు మీద వడ్డీ అన్నీ కలపాలి. నాలుగోది భాష. ఐదోది ఎంబీబీఎస్ తర్వాత పీజీ దారి. ఆరోది బాండ్, అంటే చదువు ముగిశాక ఆ రాష్ట్రంలో తప్పనిసరిగా చేయవలసిన సేవ. వీటిలో భాష గురించి ఇంకా చెప్పవలసింది ఉంది, అది ఇతర రాష్ట్రాల సీట్ల దగ్గర చెబుతాను.

| అవకాశం | రోగుల రద్దీ | ఖర్చు | ప్రధాన బలం | గమనించవలసింది |
|---|---|---|---|---|
| ఢిల్లీ ఎయిమ్స్, పుదుచ్చేరి జిప్‌మర్ | చాలా ఎక్కువ | నామమాత్రం | బోధన, పరిశోధన, తోటి విద్యార్థులు | చాలా ముందు ర్యాంకు కావాలి |
| కొత్త ఎయిమ్స్‌లు (మంగళగిరి, బీబీనగర్) | పెరుగుతోంది | నామమాత్రం | చిన్న బ్యాచ్, బోధన | అత్యవసర కేసుల అనుభవం |
| సొంత రాష్ట్రంలోని పాత ప్రభుత్వ కాలేజీలు | చాలా ఎక్కువ | తక్కువ | వార్డు అనుభవం, తెలుగు రోగులు | పెద్ద బ్యాచ్, పాత హాస్టళ్లు |
| కొత్త జిల్లా ప్రభుత్వ కాలేజీలు | ఊరిని బట్టి మారుతుంది | తక్కువ | పోటీ లేకుండా చేతిపని | అధ్యాపకుల కొరత, పీజీలు తక్కువ |
| ఇతర రాష్ట్రంలో ఆలిండియా కోటా | కాలేజీని బట్టి | తక్కువ | పేరున్న కాలేజీలు అందుబాటులోకి వస్తాయి | భాష, బాండ్ |
| ప్రైవేటు కన్వీనర్ సీటు | కాలేజీని బట్టి | మధ్యస్థం | ఇంటికి దగ్గర, సౌకర్యాలు | ఆసుపత్రిని కళ్లతో చూడాలి |
| ప్రైవేటు బీ కేటగిరీ, డీమ్డ్ | కాలేజీని బట్టి | చాలా ఎక్కువ | తక్కువ ర్యాంకుకూ సీటు | అప్పు |

ఎయిమ్స్‌లా, పాత ప్రభుత్వ కాలేజీలా

మంచి ర్యాంకు వచ్చిన తెలుగు పిల్లల ఇళ్లలో ఎక్కువ చర్చ దీని మీదే జరుగుతుంది కాబట్టి కొంచెం ఎక్కువగా చెబుతాను. 2020 నుంచి ఎయిమ్స్‌లకు, జిప్‌మర్‌కు వేరే ప్రవేశ పరీక్షలు లేవు, అన్నీ నీట్ ర్యాంకు మీదనే, మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ ద్వారా భర్తీ అవుతున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్ 1956లో మొదలైంది. అక్కడ జనరల్ సీట్లు దేశంలో తొలి యాభై ర్యాంకుల చుట్టూనే నిండిపోతాయి. ఆ ర్యాంకు వచ్చినవారికి నా సలహా అవసరం లేదు.

అసలు సందేహం మంగళగిరి, బీబీనగర్ దగ్గర వస్తుంది. మంగళగిరి ఎయిమ్స్‌లో 2018లో, బీబీనగర్‌లో 2019లో ఎంబీబీఎస్ తరగతులు మొదలయ్యాయి. మరోవైపు ఉస్మానియా మెడికల్ కాలేజీ మూలాలు 1846 నాటివి, విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో, గుంటూరు కాలేజీ 1946లో, గాంధీ మెడికల్ కాలేజీ 1954లో, కర్నూలు 1956లో, కాకినాడ రంగరాయ 1958లో, వరంగల్ కాకతీయ 1959లో మొదలయ్యాయి. ఉస్మానియా, గాంధీ, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రులు ఒక్కొక్కదానిలో వెయ్యికి పైగా పడకలున్నాయి. కాలిన గాయాలు, పాముకాటు, పురుగుమందు తాగిన కేసులు, రోడ్డు ప్రమాదాలు, ముదిరిపోయిన క్షయ, ప్రసవంలో చిక్కులు అర్ధరాత్రి దాటాక కూడా వస్తూనే ఉంటాయి. అక్కడ హౌస్‌సర్జన్సీ పూర్తి చేసిన డాక్టరు పల్లెలో ఒంటరిగా డ్యూటీకి కూర్చున్నా బెదరడు.

కొత్త ఎయిమ్స్‌ల బలం వేరు. బ్యాచ్ చిన్నది. పేరున్న కేంద్ర సంస్థల్లో శిక్షణ పొందిన అధ్యాపకులున్నారు. పరిశోధన చేయాలన్న విద్యార్థికి మార్గదర్శకులు దొరుకుతారు. ఫీజు లెక్కలోకి రానంత తక్కువ. దేశం నలుమూలల నుంచి వచ్చిన తోటి విద్యార్థుల చదువు పట్టుదల చూసి మీ పట్టుదల కూడా పెరుగుతుంది. అయితే ఆసుపత్రి ఇంకా ఎదుగుతోంది. ముందుగా తేదీ నిర్ణయించుకుని చేసే సర్జరీలు, స్పెషాలిటీ ఓపీలు బాగా నడిచే చోట కూడా రాత్రి క్యాజువాలిటీ పాత జనరల్ ఆసుపత్రి స్థాయికి చేరడానికి ఏళ్లు పడుతుంది.

పీజీ మాటకు వస్తే, ఎయిమ్స్, జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థల్లో పీజీ సీట్లకు ఐఎన్ఐ సెట్ అనే పరీక్ష ఉంది. దాన్ని ఏ కాలేజీలో ఎంబీబీఎస్ చదివినవారైనా రాయవచ్చు. కాబట్టి ఎంబీబీఎస్ ఎయిమ్స్‌లో చదివితేనే తర్వాత ఆ సంస్థల్లో పీజీ వస్తుందన్న మాట నిజం కాదు, అక్కడి వాతావరణం ఆ పరీక్షకు మనిషిని తయారు చేస్తుందన్న మాట మాత్రం నిజం.

నా అభిప్రాయం ఇది: పరిశోధన, బోధన, సూపర్ స్పెషాలిటీ వైపు మనసు గట్టిగా ఉన్నవారు కొత్త ఎయిమ్స్‌ను ముందు పెట్టాలి. చేతితో పనిచేసే వైద్యం, జనరల్ మెడిసిన్, సర్జరీ, గైనిక్ వైపు వెళ్లాలనుకునేవారు, తెలుగు నేల మీదే ప్రాక్టీసు చేయాలనుకునేవారు ఉస్మానియానో, గాంధీనో, ఆంధ్ర మెడికల్ కాలేజీనో ముందు పెట్టుకుంటే పొరపాటేమీ లేదు. మనసు ఇంకా ఎటూ తేలకపోతే, నేనైతే రోగులు ఎక్కువగా ఉన్న వైపే మొగ్గుతాను.

పాత కాలేజీలా, కొత్త జిల్లా కాలేజీలా

తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో మరో ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలు ప్రారంభమయ్యాయి. వీటి వల్ల వేల కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ సీటు అందింది, అది చిన్న విషయం కాదు.

పాత కాలేజీ, కొత్త కాలేజీ రెండూ అందుబాటులో ఉంటే పాతదాన్ని ముందు పెట్టండి. దీనికి నేను మినహాయింపులు పెద్దగా చూడలేదు. రెండు కొత్త కాలేజీల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడే పరిశోధన కావాలి. కాలేజీ కొత్తదైనా, దానికి అనుబంధమైన జిల్లా ఆసుపత్రి పాతదై, చుట్టుపక్కల మండలాల జనం అలవాటుగా వచ్చేదైతే రోగుల కొరత ఉండదు. కొత్త కాలేజీల్లో అధ్యాపకుల కొరత చాలాచోట్ల నిజం, ముఖ్యంగా మొదటి ఏడాది సబ్జెక్టుల్లో. అయితే పీజీలు తక్కువగా ఉండటం ఒకవిధంగా లాభం కూడా. పెద్ద ఆసుపత్రిలో పీజీ చేసే కుట్లు, కాన్పులు, నీరు తీయడం ఇక్కడ హౌస్‌సర్జన్ చేతికే వస్తాయి. చొరవ ఉన్న విద్యార్థి అక్కడ త్వరగా ఎదుగుతాడు. ఎవరో వెన్నుతట్టి నడిపిస్తే తప్ప కదలని విద్యార్థికి మాత్రం ఆ చోటు మంచిది కాదు. ఈ విషయంలో తల్లిదండ్రులు తమ పిల్లల స్వభావాన్ని నిజాయితీగా అంచనా వేసుకోవాలి.

ఆలిండియా కోటాలో వేరే రాష్ట్రం

ప్రతి రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకు వెళతాయి. ఉమ్మడి రాష్ట్రం చాలాకాలం ఆ కోటాకు బయట ఉండేది కాబట్టి, మన పెద్దలకు ఈ దారి అంతగా అలవాటు లేదు. ఇప్పుడు ఢిల్లీలోని మౌలానా ఆజాద్, చెన్నైలోని మద్రాస్ మెడికల్ కాలేజీ, ముంబై, బెంగళూరు కాలేజీలు తెలుగు విద్యార్థి జాబితాలో నిజంగా ఉండవచ్చు.

భాష గురించి ఇక్కడ చెప్పాలి. వైద్యంలో రోగనిర్ధారణ చాలావరకు రోగి చెప్పే మాటల్లోంచే వస్తుంది. మన ఊళ్లలో రోగి "కడుపులో దేవినట్టుంది", "గుండె దడదడ", "ఒళ్లంతా పీకుతోంది", "తల దిమ్ముగా ఉంది", "నాలుగు అడుగులు వేస్తే ఆయాసం" అంటాడు. తెలంగాణ పల్లెలో "పానం మంచిగ లేదు" అనే ఒక్క మాటలో నీరసం, జ్వరం, దిగులు అన్నీ ఉండవచ్చు. ఇలాంటి మాటలను విడదీసి సరైన ప్రశ్నలు అడగడం తెలుగు విద్యార్థికి పుట్టుకతో వచ్చిన బలం. మరాఠీ, తమిళ వార్డులో ఆ బలం ఉండదు, వార్డులకు వెళ్లే మొదటి ఏడాదంతా తోటివారి అనువాదం మీద ఆధారపడాలి. భాషలు త్వరగా పట్టే పిల్లలకు ఇది అడ్డంకి కాదు, పైగా ఇంకో భాష చేతికొస్తుంది. బిడియస్తులకు మాత్రం ఇది నిజమైన అడ్డంకి.

బాండ్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు మహారాష్ట్ర ప్రభుత్వ కాలేజీలో చదివితే ఒక ఏడాది సేవ చేయాలి, లేకపోతే 10 లక్షల రూపాయలు చెల్లించాలి. సేవ చేయడం మంచిదే, కానీ పీజీ పరీక్షకు చదవాలనుకున్న ఏడాది అక్కడ గడుస్తుందని ముందే తెలిసి ఉండాలి. ఇతర రాష్ట్రంలోని మామూలు కాలేజీ కంటే సొంత రాష్ట్రంలోని పాత కాలేజీని ముందు పెట్టమనే చెబుతాను. ఢిల్లీ, చెన్నై, ముంబైలలోని నాలుగైదు పెద్ద కాలేజీలకే మినహాయింపు ఇస్తాను.

సైనిక వైద్య సేవలో చేరాలన్న కోరిక ఉన్నవారు పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీని కూడా చూడాలి. అక్కడ నీట్ తర్వాత వేరే పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి, చదువు తర్వాత సైన్యంలో సేవ తప్పనిసరి. సీటు కోసమే అక్కడికి వెళ్లకూడదు.

ప్రైవేటు కాలేజీ: కన్వీనర్ సీటు, బీ కేటగిరీ

రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు కాలేజీల్లో సాధారణంగా సగం సీట్లు కన్వీనర్ కోటాలో (తక్కువ ఫీజు సీట్లు), 35 శాతం బీ కేటగిరీలో (యాజమాన్య కోటా), 15 శాతం సీ కేటగిరీలో (ఎన్నారై కోటా) ఉంటాయి. తెలంగాణలో ప్రభుత్వ కాలేజీ ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు అయితే, ప్రైవేటులో కన్వీనర్ సీటుకు 60 వేలు. బీ కేటగిరీకి ఏడాదికి 12 లక్షలు అనుకుంటే, నాలుగున్నరేళ్ల చదువుకు 54 లక్షలు అవుతుంది, హాస్టలూ మెస్సూ దానికి అదనం.

ప్రభుత్వ సీటు రాని విద్యార్థికి కన్వీనర్ సీటు మంచి అవకాశమే. కానీ ప్రైవేటు కాలేజీల మధ్య తేడా ప్రభుత్వ కాలేజీల మధ్య తేడా కంటే చాలా ఎక్కువ. ఇరవై ముప్పై ఏళ్లుగా నడుస్తూ, చుట్టూ ఊళ్లకు పెద్దాసుపత్రిగా పేరున్నవి ఉన్నాయి. అద్దాల భవనం మెరుస్తూ, వార్డులు బోసిగా ఉన్నవీ ఉన్నాయి. ఒకసారి ఒక స్నేహితుడి కొడుకు కోసం ఒక కాలేజీకి వెళ్లాను. పిల్లల వార్డులో ముప్పై మంచాలున్నాయి, దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి, పిల్లలు ఇద్దరే ఉన్నారు. ఆ పేరును మేము జాబితాలోంచి తీసేశాం. ప్రైవేటు కాలేజీల విషయంలో సోమవారం ఉదయం వెళ్లి చూడటం సలహా కాదు, నియమం అనుకోండి.

బీ కేటగిరీ, డీమ్డ్ యూనివర్సిటీల (యూనివర్సిటీ హోదా పొందిన సంస్థల) గురించి నాకున్న అభిప్రాయం దాచుకోను. కుటుంబానికి ఆ డబ్బు నిజంగా మిగులుగా ఉంటే అది వారి ఇష్టం. పొలం అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి అరవై డెబ్బై లక్షలు సమకూర్చడం మాత్రం వద్దు. ఎంబీబీఎస్ పూర్తయ్యేసరికి ఆ పిల్లవాడికి ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లు ఉంటాయి, అప్పటికి చదువు సగమే అయి ఉంటుంది. పీజీకి చదవాల్సిన వయసులో నెలనెలా వడ్డీ కట్టడానికి రెండు నర్సింగ్ హోముల్లో రాత్రి డ్యూటీలు చేసిన యువ డాక్టర్లను నేను దగ్గరగా చూశాను. వారి తెలివికి లోటు లేదు, చదువుకోవడానికి సమయమే దొరకలేదు.

లాంగ్‌టర్మ్‌కు వెళ్లాలా, విదేశాలకు వెళ్లాలా

నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. బీ కేటగిరీ అప్పు, ఒక ఏడాది లాంగ్‌టర్మ్ (మళ్లీ నీట్ రాయడానికి తీసుకునే కోచింగ్) మధ్య నిలబడ్డ విద్యార్థికి, మొదటిసారే రాసి ప్రభుత్వ సీటుకు ముప్పై నలభై మార్కుల దూరంలో ఆగిపోయి ఉంటే, లాంగ్‌టర్మ్ వైపే చెబుతాను. ఎక్కడ మార్కులు పోయాయో చూడండి. బయాలజీ 360 మార్కులు, ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. బయాలజీలో బాగా వచ్చి ఫిజిక్స్‌లో దెబ్బతిన్నవారికి ఏడాది సాధనతో మెరుగయ్యే వీలు ఎక్కువ. అన్నిటిలోనూ సమానంగా తక్కువ వచ్చి, రెండుసార్లు రాసినా మార్పు లేనివారికి మూడో ఏడాది అడగకండి. వారిని కూర్చోబెట్టి, మార్కుల కోసం కాకుండా, అసలు ఏ పని ఇష్టమో మెల్లగా అడగండి. బీడీఎస్, ఫిజియోథెరపీ, నర్సింగ్, వెటర్నరీ, ఫార్మసీలలో గౌరవంగా స్థిరపడినవారు మన చుట్టూ ఎంతమందో ఉన్నారు.

విదేశాల్లో చదవాలంటే కూడా ముందు నీట్‌లో అర్హత సాధించాలి. 2021 నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల కోర్సు, ఇంగ్లిషు మాధ్యమంలో, ఆపై అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. తిరిగి వచ్చాక ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష పాసై, మరో 12 నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ పరీక్ష 300 మార్కులకు, అర్హతకు 150 రావాలి. ఇటీవలి విడతల్లో రాసినవారిలో మూడోవంతు మంది కూడా పాస్ కాలేదు. ఏజెంటు చెప్పే ఫీజు పక్కన ఈ వాక్యాన్ని కూడా రాసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

చదువయ్యాక అమెరికాకో ఇంగ్లండ్‌కో వెళ్లాలనుకునేవారు కాలేజీ పేరు గురించి అంతగా కంగారు పడనక్కరలేదు. మన జాతీయ వైద్య కమిషన్‌కు 2023లో ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య గుర్తింపు పదేళ్లకు వచ్చింది. వారికి కావలసింది మంచి క్లినికల్ పునాది, చదువుకోవడానికి సమయం, అప్పు లేకపోవడం.

స్థానికత, ధ్రువపత్రాలు

జాబితా ఎంత బాగున్నా అర్హత లేని కోటాలో పెడితే ఫలితం ఉండదు. తెలంగాణలో కన్వీనర్ కోటాకు స్థానికులు కావాలంటే ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. కాబట్టి తొమ్మిది, పది తరగతులు బెంగళూరులోనో రాజస్థాన్‌లోని కోటా నగరంలోనో చదివించాలనుకునే తల్లిదండ్రులు ఆ నిర్ణయాన్ని ఎనిమిదో తరగతిలోనే ఆలోచించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం అని రెండు స్థానిక ప్రాంతాలున్నాయి. నెల్లూరు రెండోదాని కిందికి, ప్రకాశం మొదటిదాని కిందికి వస్తాయి. ఈ తేడా తెలియక పక్కపక్క ఊళ్ల పిల్లలు ఒకరి కటాఫ్ చూసి ఒకరు నిరాశ పడుతుంటారు.

బీసీ విద్యార్థులు ఇంకో విషయం గమనించాలి. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. ఆలిండియా కోటాకు కేంద్రం నమూనాలో ఉన్న నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం వేరుగా తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కాబట్టి ఏప్రిల్ ఒకటి తర్వాతే తీసుకోవాలి. ఫలితాల వారంలో తహసీల్దారు కార్యాలయాల్లో ఎంత రద్దీ ఉంటుందో చెప్పనక్కరలేదు. నీట్ రాసిన మరుసటి సోమవారమే దరఖాస్తు పెట్టేయండి.

కేంద్ర కౌన్సెలింగ్, రాష్ట్ర కౌన్సెలింగ్ రెండింటికీ దరఖాస్తు చేయండి. కేంద్రంలో మొదటి రౌండులో వచ్చిన సీటును నష్టం లేకుండా వదులుకోవచ్చు. రెండో రౌండులో వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. కాబట్టి చేరడానికి ఇష్టం లేని కాలేజీ పేరు మొదటి రౌండు జాబితాలో ఉన్నా, రెండో రౌండు జాబితాలో ఉండకూడదు.

మా అక్క కూతురు ఆ సాయంత్రం పదకొండో పేరును ఒకటో స్థానానికి మార్చి, కిందివాటిని మళ్లీ సర్దుకుంది. లాక్ చేసే ముందు వాళ్ల నాన్న తెర మీద ఉన్న ప్రతి కాలేజీ కోడ్‌ను, పక్కనున్న కోటాను, ఫీజును పైకి చదివారు, తను నోటుపుస్తకంలో ఒక్కొక్కదానికి టిక్కు పెట్టింది. ఇరవై మూడో పేరు దగ్గర ఇద్దరూ ఆగారు, ఒకే కాలేజీ రెండు వేర్వేరు కోడ్‌లతో ఉంది, ఒకటి కన్వీనర్ ఫీజుది, ఇంకొకటి ఎక్కువ ఫీజు ఉండే సెల్ఫ్ ఫైనాన్స్‌ది. రెండోదాన్ని తీసేసి, జాబితా ప్రింటు తీసుకుని, అప్పుడు లాక్ చేశారు.